నీటి మీద జానెడు

మడుగు గట్టు మీది ఇల్లు,
మార్చి 4

చిన్నోడికి,

నలభై రెండేళ్లు వచ్చినా నాకు నువ్వు చిన్నోడివే. కవరు మీద మాత్రం మర్యాదగానే రాశానులే, మీ మేస్త్రి ముందు నీ పరువు పోకుండా.

కాలికి కట్టు విప్పి రెండు వారాలైంది. డాక్టరు నడవమన్నాడు. బురదలో నడవచ్చా అని అడిగితే నవ్వాడు. నేను నిజంగానే అడిగానని ఆయనకు తెలియదు పాపం. సెప్టెంబరులో తొడ ఎముక విరిగి మంచం ఎక్కినదాన్ని, ఇన్నాళ్లకు నిన్న గట్టు దిగాను. ఒక చేతిలో పక్కింటి చేపలాయన చెక్కి ఇచ్చిన చేతికర్ర, ఇంకో చేతిలో నీటి లోతు చూడడానికి అమ్మ కొలకర్ర.

మడుగులో తుంగ లేదురా.

చలికాలంలో ఎండిపోతుందని నాకూ తెలుసు. ఏటా చచ్చినట్టే కనిపించి, చలి తగ్గగానే అడుగున దుంప నుంచి మళ్లీ లేచే మొక్క అది. మనం పుట్టక ముందు అమ్మ నాటింది, ఆ తర్వాత ఎవరూ నాటాల్సిన పని పడలేదు. ఈపాటికి వేలెడేసి పచ్చటి మొనలు నీళ్లలోంచి పైకి రావాలి. ఒక్కటి లేదు. పోయినేటి మోళ్లు కూడా లేవు. పళ్లెంలో నీళ్లు పోసి పెట్టినట్టు మడుగంతా ఖాళీ. చెయ్యి పెట్టి ఒక దుంప లాగాను. చెక్కలా గట్టిగా ఉండాల్సింది నానిన సబ్బులా చేతిలో విరిగింది. లోపలంతా నలుపు. ఎంత తోమినా ఆ వాసన నా గోళ్లను వదలడం లేదు.

నేను మంచంలో ఉంటే నువ్వు వచ్చి కోత కోసి పెట్టావు. ఆ మేలు మర్చిపోను. కానీ ఒక్క మాట చెప్పు. కోసినప్పుడు మోళ్లు ఎంత వదిలావు? నీళ్లు ఎంత ఉన్నాయి? దుబ్బులు ఎలా ఉన్నాయి? అన్నీ గుర్తు చేసుకుని రాయి. ఈ మడుగు తప్ప నాకు ఇంకో పని చేతకాదు, ఈ వయసులో నేర్చుకునే ఓపికా లేదు.

నీ అక్క

*

కుర్చీల షాపు, పై గది,
మార్చి 13

అక్కకు,

బురదలో నడవచ్చా అని డాక్టరునే అడిగావంటే నీ కాలు బాగుపడినట్టే. నోరైతే ఎప్పుడూ విరగలేదు కదా.

ఇక్కడ పని ఊపిరాడనివ్వడం లేదు. నువ్వు పంపే తుంగ అయితే నానబెట్టగానే చెప్పిన మాట వింటుంది, రెండేసి పుల్లలు కలిపి మెలితిప్పితే తాడులా సాగుతుంది. ఇప్పుడు బయట కొన్న సరుకు వాడుతున్నాం, మెలి పడగానే చిట్లుతోంది. మేస్త్రి నా మీద విసుక్కుంటున్నాడు, నేను పుల్లల మీద విసుక్కుంటున్నాను. పోయినేడు మన తుంగతో అల్లిన పెద్ద బెంచీలు గుర్తున్నాయా, ఆ చదువుకునే హాలు వాళ్లవి? మళ్లీ అలాంటివే కావాలని వచ్చారు.

నువ్వు అడిగినదానికి. కోసినప్పుడు తుంగ బ్రహ్మాండంగా ఉంది. నా భుజం దాకా వచ్చింది. మోళ్లు అమ్మ చెప్పినట్టే వదిలాను.

తొందరపడి దిగులు పెట్టుకోకు. ఈ ఏడు చలి ఆలస్యంగా పోయింది కదా, దుంప ఇంకా నిద్రలో ఉందేమో. లోతు ఎక్కువైందేమో చూడు. గట్టు మీద చెట్టు పెరిగి నీడ పడుతోందేమో, తుంగకు రోజంతా ఎండ కావాలి. పశువులు దిగి తొక్కాయేమో. అడుగున బురద కొట్టుకుపోయి ఇసుక తేలిందేమో. ఒక్కొక్కటే చూసుకో. కాలు జాగ్రత్త.

తమ్ముడు

*

మడుగు గట్టు మీది ఇల్లు,
మార్చి 29

చిన్నోడికి,

నువ్వు చెప్పినవన్నీ చూశాను. నాకు తెలియనివి ఒక్కటీ చెప్పలేదులే, అయినా చూశాను.

లోతు ఎక్కడా మోకాలు దాటలేదు. గట్టు మీద చెట్టు పోయినేడే కొట్టించాను, పొద్దుట నుంచి సాయంత్రం దాకా ఎండే. పశువు కాలి గుర్తు ఒక్కటి లేదు. బురద నల్లగా, వెన్నలా, ఎప్పటిలాగే ఉంది. చలి పోయి నెల దాటింది, దారి పక్క గుంటలో ఎవరికీ అక్కర్లేని గడ్డి కూడా చిగుళ్లు వేసి నన్ను వెక్కిరిస్తోంది. ఇంకేం మిగిలింది? నీళ్లు. మనకు నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి? కాలువ నుంచి చేపలాయన చెరువులోకి, ఆయన చెరువు తూము నుంచి మన మడుగులోకి. చలికాలంలో చేపలకు ఏదో తెగులు వచ్చిందని ఆయన మందు పోశాడు. నేను మంచంలో ఉన్నప్పుడు ఆయనే చెప్పాడు.

వెళ్లి అడిగాను. గొడవ పెట్టుకోవాలని వెళ్లలేదు, నా మాట నమ్ము. కాలు విరిగిన రోజు తన బండి మీద నన్ను ఆస్పత్రికి తీసుకెళ్లిన మనిషి. ఐదు నెలలు పొద్దున్నే వచ్చి నీళ్లు పట్టి పెట్టి, పేపరు చదివి వినిపించి, చావు వార్తలు వదిలేసి మిగతావే చదివిన మనిషి. మర్యాదగానే అడిగాను. మందు చెరువులో పోయలేదు, తొట్టిలో కలిపి చేపల్ని ముంచి తీశాను అన్నాడు. మరి నా తుంగ ఎందుకు చచ్చిందండీ అన్నాను. వల సర్దుకుంటూ, "మీ తమ్ముణ్ణి అడగండమ్మా, ఎలా కోశాడో" అన్నాడు.

తన తప్పు నా తమ్ముడి మీదికి నెడతాడా! పనులు మానుకుని, రైలెక్కి వచ్చి, ఒక్కడివే మడుగంతా కోసి పెట్టిన నీ మీద! ఆయన ఇంటి ఎదుటి టీకొట్టు ముందు, నలుగురూ వింటుండగా నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన చెక్కి ఇచ్చిన చేతికర్ర ఆయన గుమ్మం మెట్టు మీదికి విసిరేసి వచ్చాను. ఇంటికి ఎలా చేరానో నాకే తెలియదు, గోడలు పట్టుకుని వచ్చాను.

నీళ్ల ఆఫీసులో అర్జీ పెట్టాను. కోత నాటికి తుంగ బాగుందని కళ్లారా చూసినవాళ్లు రాసిస్తేనే విచారణకు తీసుకుంటామన్నారు. అప్పుడు చూసింది నువ్వొక్కడివే. రెండు వాక్యాలు రాసి సంతకం పెట్టి పంపు. ఆలస్యం చెయ్యకు.

నీ అక్క

*

కుర్చీల షాపు, పై గది,
ఏప్రిల్ 11

అక్కకు,

నువ్వు అడిగిన కాగితం ఇందులో పెట్టాను. పోయిన సెప్టెంబరులో తుంగ ఏపుగా, తెగులు లేకుండా ఉందని, కళ్లారా చూశానని రాశాను. అది నిజమే.

పెద్దాయనతో ఇంత దాకా అవసరమా అని ఒక్కసారి ఆలోచించు. వయసులో పెద్దవాడు, పక్కనే ఉండాల్సినవాళ్లం. ఈ ఏడాది చూసి, వచ్చే ఏడాదికీ లేవకపోతే అప్పుడు పెట్టొచ్చు కదా అర్జీ. నీ ఇష్టం. నువ్వు అడిగావు కాబట్టి పంపుతున్నాను.

పని ఎక్కువగా ఉంది, ఇంతకన్నా రాయలేను.

తమ్ముడు

*

మడుగు గట్టు మీది ఇల్లు,
మే 3

చిన్నోడికి,

నీ ఉత్తరం ఇంత పొట్టిగా ఎప్పుడూ లేదు. జ్వరమా? మేస్త్రితో గొడవా? నీళ్లు నమలకుండా చెప్పు.

నీ కాగితం పని చేసింది. ఆఫీసు వాళ్లు వచ్చి చేపలాయన చెరువులో నీళ్లు సీసాల్లో పట్టుకెళ్లారు. ఫలితం వచ్చేదాకా కాలువ నుంచి ఆయన చెరువుకు నీళ్లు వెళ్లే దారి మూసి సీలు వేశారు, మనకు కాలువ నుంచి నేరుగా వేరే దారి తీశారు. నిన్నటి నుంచి మడుగులోకి కొత్త నీళ్లు వస్తున్నాయి. గట్టు మీద కూర్చుని చాలాసేపు చూశాను.

సంతోషంగా ఉండాల్సిందే. ఎందుకో లేదు. సీలు వేస్తున్నప్పుడు ఆయన "ఎండలు ముదురుతున్నాయి, చేపలకు ఊపిరాడదండీ" అని మాత్రం ఆఫీసు వాళ్లతో అన్నాడు, అదీ నెమ్మదిగా. నన్ను చూడనట్టే లోపలికి వెళ్లిపోయాడు. పేపరు నేనే చదువుకుంటున్నాను ఇప్పుడు, చావు వార్తలతో సహా.

తుంగ ఇంకా లేవలేదు. విషం కొట్టుకుపోవడానికి కొంత టైం పడుతుంది కాబోలు.

నీ అక్క

*

మే 25 (కార్డు)

చేపలన్నీ చచ్చిపోయాయి. చెరువు నడుములోతు నుంచి పిక్కలలోతుకు దిగింది, మూడు రోజులు గాలి లేదు. పొద్దున్న చూస్తే నీళ్ల మీదంతా తెల్లటి పొట్టలు. ఆయన ఒక్కడే బుట్టతో ఏరుతున్నాడు. సాయం చేయబోతే వద్దని చెయ్యి ఊపాడు. మధ్యాహ్నం ఆఫీసు కాగితం వచ్చింది. నీళ్లలో ఏ మందూ లేదట. అంతా శుభ్రమేనట. మరి నా తుంగను ఏది చంపింది? నాకు మతి పోతోంది. ఒకసారి రారా.

అక్క

*

కుర్చీల షాపు, పై గది,
జూన్ 1

అక్కా,

రాలేను. ఈ ఉత్తరం చదివాక నువ్వే రావద్దంటావు.

నీ తుంగను నేనే చంపాను.

ఆ బెంచీల పనికి పొడవాటి పుల్లలు కావాలన్నాడు మేస్త్రి. మధ్యలో అతుకు పడితే కూర్చున్నవాళ్లకు గుచ్చుకుంటుంది, అతుకు లేకుండా అల్లాలంటే మామూలు కన్నా మూరెడు పొడవు ఉండాలి. ఆ మాట బుర్రలో పెట్టుకుని వచ్చాను. నేను వచ్చేసరికి మూడు రోజులుగా వాన. మడుగు తొడలదాకా నిండింది. అమ్మ చెప్పినట్టు నీటి మీద జానెడు వదిలి కోస్తే చేతికి వచ్చేది పొట్టి పుల్ల. మిగతాదంతా నీళ్లలోనే ఉండిపోతోంది. మొదటి కట్ట అలాగే కోశాను. గట్టు మీద పెట్టి కొలిస్తే చాలలేదు. అప్పుడు చెయ్యి నీళ్లలో ముంచి, దుబ్బు మొదట్లో కొడవలి పెట్టాను.

నాకు తెలియక చేశాననుకోకు. మన ఇద్దరికీ చేతిలో కొడవలి పెట్టిన రోజే అమ్మ చెప్పింది కదా, "దానికి ముక్కు వదిలి కోయండి" అని. కాడ లోపలి బెండు గుండానే అడుగున దుంపకు గాలి అందుతుందని, మోడు నీటిపైన ఉంటే చలికాలమంతా ఎండు మోడుతోనే ఊపిరి తీసుకుంటుందని, నీళ్ల కింద కోస్తే కాడలో నీళ్లు నిండి దుంప ఊపిరాడక చస్తుందని. అన్నీ గుర్తున్నాయి. ఒక్క ఏడాదికి ఏమవుతుందిలే అనుకున్నాను. ఇన్నేళ్ల దుంప, నాలాంటివాడి కొడవలికి చస్తుందా అనుకున్నాను. బయట సరుకెత్తడానికి వచ్చిన లారీ హారన్ కొడుతోంది. మడుగంతా అలాగే కోసేశాను.

చేపలాయన తన గట్టు మీద నుంచి చూశాడు. "ఏం బాబూ, నీళ్లలో కోస్తున్నావేంటి, మీ అమ్మ అలా కోసేది కాదే" అన్నాడు. నీ చేపలు నువ్వు చూసుకో పెద్దాయనా అన్నాను. అదే మాట అన్నాను, అక్కా. ఆ చేపలే ఇప్పుడు పోయాయి.

ఇక్కడికి తెచ్చాక మేస్త్రి పుల్లలు చూసి ఎంత పొడవు, ఎంత పొడవు అని మురిసిపోయాడు. మొదళ్లు తెల్లగా ఉన్నాయి, నీటి కింద ఎండ తగలని భాగం. ఆ తెల్ల మొదళ్లన్నీ బెంచీ అడుగున కనిపించకుండా మలిచి అల్లాను. నీ మొదటి ఉత్తరం చదవగానే నాకు ముందు గుర్తొచ్చింది అవే. అమ్మ చెప్పినట్టే వదిలానని రాసేశాను. ఆ ఒక్క అబద్ధం తర్వాత వెనక్కి రావడం నా వల్ల కాలేదు. ఆయన నీకు చెప్పిన నిజాన్ని నువ్వే నాకు రాశావు, నన్ను వెనకేసుకొచ్చి తిట్టానని కూడా రాశావు. అది చదివి పై గది తలుపు వేసుకుని ఏడ్చాను, ఏడ్చి, సంతకం పెట్టి పంపాను. కాగితంలో ఒక్క అబద్ధం లేకుండా జాగ్రత్తగా రాశాను చూడు, అదే నాకు ఇప్పుడు అసహ్యంగా ఉంది.

నువ్వు నన్ను ఏమన్నా పడతాను. ఆయనకు ఎలా ముఖం చూపించాలో తెలియడం లేదు.

తమ్ముడు

*

కుర్చీల షాపు, పై గది,
జూన్ 27

అక్కా,

ఇది మూడో ఉత్తరం. తిట్టడానికైనా ఒక్క ముక్క రాయి. పోస్టతను రాగానే మెట్లు దిగి వెళ్తున్నాను. మేస్త్రి అడిగితే ఒంట్లో బాగాలేదని చెప్పాను. నిన్న ఆ హాలుకు వెళ్లి వచ్చాను. మన తుంగ మీద ఎవరెవరో కూర్చుని చదువుకుంటున్నారు. ఒక బెంచీ కింద చెయ్యి పెట్టి తడిమి చూసి వచ్చేశాను.

తమ్ముడు

*

మడుగు గట్టు మీది ఇల్లు,
జూలై 12

తమ్ముడికి,

నీ ఉత్తరాలు మూడూ చేరాయి. మొదటిది చదివాక పొయ్యిలో పెడదామనుకున్నాను. తర్వాత, అది నా ఒక్కదానికి రాసింది కాదని తోచింది. తీసుకుని చేపలాయన ఇంటికి వెళ్లాను.

గుమ్మంలో నిలబడే చదివాను, కూర్చోమన్నా కూర్చోలేదు. ఇన్నాళ్లు ఆయన నాకు చదివి వినిపించాడు, ఆ రోజు నేను ఆయనకు చదివాను. ఏ వాక్యమూ వదల్లేదు. ఆయన వలలు మడతపెడుతూ విన్నాడు. అయిపోయాక, మీరు కళ్లారా చూశారు కదా, మీరైనా నాకు గట్టిగా చెప్పలేదేం అని అడిగాను. అడగడానికి నాకు సిగ్గుండాలి, అయినా అడిగాను.

"చెప్పాను కదమ్మా. ఒకసారి చెప్పాను" అన్నాడు.

తిట్టి ఉంటే బాగుండేది. నాలా టీకొట్టు ముందు నిలబడి, నలుగురిలో నన్ను కడిగేసి ఉంటే ఆ రాత్రి అన్నం తినేదాన్నేమో.

సీలు తీసినా చెరువు మళ్లీ నింపే ఓపిక లేదట. కూతురి దగ్గరికి వెళ్లిపోతున్నానన్నాడు. నేను వెనక్కి తిరుగుతుంటే పిలిచి, తన చెరువు మూల చూపించాడు. మన తుంగేరా. గట్టు కింద నుంచి వేరు పాకి ఎప్పుడో ఆయన వైపు తేలింది. చేపలకు నీడగా ఉంటుందని కొయ్యకుండా వదిలేశాడట. ఒకే ఒక దుబ్బు. చెరువు ఎండిపోయి, నెర్రెలు విచ్చిన మట్టిలో సగం పసుపెక్కి నిలబడి ఉంది. "ఎండిపోక ముందే తీసుకుపోండి" అన్నాడు. ఆ నీళ్లు ఆపించింది నేను. ఆయన నీళ్లలో విషం ఉంటే ముందు చావాల్సింది ఆ దుబ్బే. గట్టెక్కి ఒక్కసారి అటు తొంగి చూసి ఉంటే సరిపోయేది. నేను తొంగి చూడలేదు, ఎందుకంటే నువ్వు చెప్పావు కదా అమ్మ చెప్పినట్టే కోశానని.

పారతో తవ్వి తెచ్చాను. కత్తితో కోస్తే చెడుతుందని వేళ్లతోనే విడదీశాను. మొగ్గ ఉన్న ముక్కలు ఏడు వచ్చాయి. మడుగులో నీళ్లు చాలావరకు తీసేసి, బురద తడిగా ఉండేంత మాత్రమే ఉంచి, తల మునగకుండా పైపైనే నాటాను. కొత్త వేరు పట్టి, కాడలు మోకాలు దాటాకే నీళ్లు పెంచాలి, వేలెడు వేలెడుగా, కాడ ఎదిగినంతే. నాలుగు బతికాయి. మూడు పోయాయి. ఈ నాలుగూ పాకి మడుగంతా కమ్మాలంటే ఐదారేళ్లు. అప్పటిదాకా కోత లేదు. ఈ ఇంటి నుంచి నీకు ఒక్క పుల్ల రాదు, మీ మేస్త్రికి ఆ ముక్క చెప్పు.

నువ్వు చేయాల్సింది ఒకటుంది. నీళ్ల ఆఫీసుకు వచ్చి, నువ్వు నాకు రాసినదంతా వాళ్లకూ రాసిచ్చి సంతకం పెట్టు. ఆయన మీద ఆ అర్జీ అలా ఉండకూడదు. నా అర్జీ తప్పని నేను ఇప్పటికే రాసిచ్చాను. ఆ పని అయ్యాక గట్టు దిగు, అంతకు ముందు దిగకు. నిన్ను క్షమించానా అని అడగకు. నాకు ఇంకా తెలియదు. నువ్వు నా తమ్ముడివి, అది మాత్రం మారదు, మార్చుకునే వీలుంటే ఈ నెలలో మార్చుకునేదాన్నే.

చేపలాయన పోయిన సోమవారం వెళ్లిపోయాడు. బండి చప్పుడు విని బయటికి వచ్చేసరికి మలుపు తిరిగింది. ఇంటికి తాళం. నేను ఆయన మెట్టు మీదికి విసిరేసిన చేతికర్ర నా తలుపుకు ఆనించి ఉంది. కింద అరిగిపోయిన చోట కొత్తగా రబ్బరు ముక్క తొడిగాడు, జారకుండా.

దాన్ని ముట్టుకోవడానికి నాకు ముఖం చెల్లడం లేదు. అయినా రోజూ పొద్దున్నే అదే పట్టుకుని దిగుతున్నాను, అది లేకుండా ఆ బురదలో నిలబడలేకపోతున్నాను.

అక్క